వరుసలో చివరి బండి

ఈ ఉదయం బాల్కనీలో బట్టలు తీస్తుంటే అత్తమ్మ చేతితొడుగులు కనిపించాయి. ఉతికి తీగ మీద వేసి మరిచిపోయాను. తోలు ఎండి బిగుసుకుపోయింది. వేళ్లన్నీ లోపలికి వంగి, ఇంకా బండి హ్యాండిల్ పట్టుకున్నట్టే ఉన్నాయి. సాపు చేద్దామని చూశాను. కాలేదు. అలాగే లోపలికి తెచ్చి అల్మారాలో పెట్టాను.

మా మేనత్త పోయింది. పోయిన నెల ఒక శుక్రవారం, మస్కట్‌కు దూరాన ఇబ్రి అనే ఊరు దాటాక, ఎడారి రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుకలో ఆమె బండి జారింది. నీళ్ల ట్యాంకరు నడిపే పాకిస్తానీ డ్రైవరు ఒకతను చూసి ఇబ్రి ఆసుపత్రికి చేర్చాడు. అప్పటికే ప్రాణం పోయింది. తొందరగా ఎవరైనా చూసి ఉంటే బతికేదేమో అన్నాడు డాక్టరు. అత్తమ్మ నర్సు. ఈ మాటను తనే ఎన్నో కుటుంబాలకు చెప్పి ఉంటుంది.

ఆమెతో కలిసి బండ్ల మీద తిరిగినవాళ్లు ఫోన్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి, 'మా అందరికంటే ముందు వెళ్లిపోయారు' అని రాశారు. మీలో కొందరు చూసే ఉంటారు. కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నాకు ఆ మాట దగ్గరే మనసు ఆగిపోయింది. అత్తమ్మ ఎన్నడూ ముందు వెళ్లలేదు. ఆమె చోటు వరుసలో చివర. ముందు వెళ్లింది మిగిలినవాళ్లు. ఈ ఒక్క సంగతి సరిగ్గా రాయాలని కూర్చున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. నన్ను చిన్నప్పుడే కాన్వెంటు హాస్టల్లో వేశారు. మెల్లగా మాట్లాడటం, పుస్తకం పేజీ మడవకపోవడం అక్కడే నేర్చుకున్నాను. డిగ్రీ అయ్యాక మస్కట్‌లో ఒక బడి లైబ్రరీలో ఉద్యోగం చూసి, అత్తమ్మే నన్ను పిలిపించుకుంది. బౌషర్‌లో ఆమె ఫ్లాటులోనే ఉన్నాను, ఉంటున్నాను. ఎయిర్‌పోర్టుకు టాక్సీలో వచ్చింది. "పెట్టెలుంటయని టాక్సీ తెచ్చిన. లేకుంటే బండి మీదనే తీస్కపోదును," అంది. నవ్వులాటకు అన్నదనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

బండి నడపడం ఆమె నలభై దాటాక నేర్చుకుంది. ఉద్యోగం మాని వెళ్లిపోతున్న ఫిలిప్పీన్స్ నర్సు దగ్గర పాత బండి కొంది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. ఈ సంగతి ఊళ్లో తెలిసిన రోజు మా నాన్న ఫోన్ చేశాడట.

"ఏందక్కా ఇది? నలుగురు నవ్వుతున్నరు."

"నవ్వనీ తమ్మీ. నవ్వితె ఒంటికి మంచిది. నర్సును, చెప్తున్న."

ఆ తర్వాత ఆమె ఊరికి బండి ఫొటోలు పంపడం మానేసింది. ఊళ్లో ఎవరూ అడగలేదు కూడా. ఆమె పోయిన మర్నాడు మాత్రం చుట్టాలందరి ఫోన్లలో అవే ఫొటోలు. ఎక్కడ దొరికాయో తెలియదు. 'ధీర వనిత' అని రాసుకున్నారు. ఊళ్లో చితి దగ్గర నాన్న అన్నది నేను విన్నాను. "నేను మొదటి సంది చెప్తనే ఉన్న." తమ్ముడు కదా, ఏడుస్తూనే అన్నాడు.

వాళ్ల బండ్ల గుంపు బౌషర్‌లో ఒక గ్యారేజీ దగ్గర మొదలైంది. గ్యారేజీ ఆయనది కడప. అందరూ లీడరంటారు. అత్తమ్మను అక్కా అనేవాడు. ఎండలు తగ్గాక ప్రతి శుక్రవారం కొండల్లోకో ఎడారిలోకో పోయేవాళ్లు. సెలవులు కలిసొస్తే సలాలా దాకా. ఆ దారిలో హైమా దాటాక రోడ్డు గీత గీసినట్టు పోతుంది, రెండు పక్కలా ఏమీ ఉండదు, చూస్తూ చూస్తూ కళ్లు మూతపడతాయి. అత్తమ్మ చింతపండు రెబ్బ ఒకటి బుగ్గన పెట్టుకునేది. "పులుపుకు నిద్ర పారిపోతది. కాఫీ తాగితె ఆగాలె, గీడ ఆగెతందుకు చెట్టు చాటు గూడ లేదు," అనేది.

అందరికీ సర్వపిండి చేసి రేకులో చుట్టి తీసుకుపోయేది. లీడరు తింటూ, "అక్కా, టైరు పంచరైతే దీన్నే అతికిచ్చొచ్చు," అనేవాడు. "అతికియ్యి. నీ బండి గుణం గూడ జర బాగుపడ్తది," అనేది ఈమె.

మొదట్లో ఆమెను చివర పెట్టింది నమ్మకంతో కాదు. ఆడమనిషి, చిన్న బండి, మధ్యలో ఉంటే వెనకవాళ్లకు అడ్డమని. అది ఆమెకూ తెలుసు. ఒకసారి జెబెల్ షమ్స్ కొండ ఎక్కుతుంటే కంకర రోడ్డు మీద ఒకతను పడి చెయ్యి విరిగింది. ముందున్నవాళ్లు ముందుకు పోయారు. వెనక ఉన్నది అత్తమ్మ ఒక్కతే. అట్టపెట్టె చింపి, చున్నీతో కట్టు కట్టి, అతన్ని నీడన కూర్చోబెట్టింది. ఆ తర్వాత చివరి చోటు ఆమెదే అయింది. అక్కడ ఉండమని ఆమెను బతిమాలేవాళ్లు.

వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ప్రతివాళ్లూ తమ వెనక ఉన్న ఒక్క బండిని చూసుకోవాలి. రోడ్డు చీలిన చోట ఆగి, అద్దంలో వెనక బండి దీపం కనిపించాకే తిరగాలి. కనిపించకపోతే కదలకూడదు. ఎంతసేపటికీ రాకపోతే వెనక్కి పోయి చూడాలి. వరుసలో ఎవరి చోటు ఏదో పెట్రోలు పంపు దగ్గరే అనుకుంటారు, ఆ తర్వాత చెప్పకుండా మారకూడదు. కొత్తగా చేరినవాళ్లను అత్తమ్మకు సరిగ్గా ముందు పెట్టేవాళ్లు, ఆమె కళ్లెదుట ఉంటారని.

గురువారం సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే ఆమె కిందికి పోయి బండి అద్దాలు తుడిచేది. బండంతా దుమ్ము ఉన్నా సరే, అద్దాలు రెండూ తళతళలాడాలి. చివర ఉండేదానివి, నీ వెనక ఎవరూ ఉండరు కదా, నీకు అద్దాలెందుకని ఒకసారి అడిగాను.

"ఉండరని నీకెట్ల ఎరుక? ఎవడన్న ఆగుతడు, ఎవడన్న తప్పిపోతడు. ముందటోళ్లకు కొండ కనవడ్తది పిల్లా. మనుషులు కనవడాల్నంటె ఎనకనే ఉండాలె."

ఇంట్లోనూ అదే పద్ధతి. బజారుకు పోతే నాలుగడుగులకోసారి ఆగి తిరిగి చూసేది. లిఫ్టు తలుపు చేత్తో పట్టుకుని నిలబడేది. నేను లైబ్రరీలో పుస్తకంలో పడి ఆలస్యం చేస్తే, గేటు దగ్గర బండి మీద కూర్చుని ఉండేది. కోప్పడేది కాదు. "అద్దంల కనవడలే. ఆగిన," అనేది. అంతే.

నేను ఒక్కసారే ఆమె వెనక కూర్చుని కొండ ఎక్కాను. మలుపు మలుపుకూ పక్కన లోయ. కళ్లు గట్టిగా మూసుకుని కాన్వెంటులో నేర్పిన ప్రార్థన గొణుక్కుంటున్నాను. హెల్మెట్‌లోంచి ఆమెకు ఎలా వినిపించిందో.

"మీ సిస్టర్లు కండ్లు మూసుకొని మొక్కుమన్నరు గావచ్చు. బండి మీద కండ్లు తెరిచే మొక్కాలె. మూసుకుంటె బుగులు ఇంక పెరుగుతది."

తెరిచాను. భయం తగ్గలేదు. కానీ లోయ అడుగున ఖర్జూరపు తోటలు, వాటి మధ్య నీళ్ల కాలువ సన్నగా మెరవడం చూశాను. పైకి చేరాక నా చేతులు ఆమె నడుము నుంచి విడిపడక ఇద్దరం నవ్వుకున్నాం.

ఈ ఏడు చలికాలం మొదట్లో గుంపులో కొత్తగా ఒకాయన చేరాడు. హైదరాబాదు మనిషి, ఏదో కంపెనీలో మేనేజరు. పెద్ద బండి. ప్రయాణాలు వీడియో తీసి పెడతాడు. అత్తమ్మను ఆంటీ అంటాడు. రివాజు ప్రకారం ఆయన్ను ఆమె ముందు చోటులో పెట్టారు. "ఆ పిలగాడు మస్తుగ నడుపుతడు గని అద్దం చూడడు," అని ఒకసారి నాతో అంది. గొంతులో చాడీ లేదు. రోగి సంగతి ఇంకో నర్సుకు చెప్పినట్టు చెప్పింది.

ఆ శుక్రవారం వాళ్లు నిజ్వా, బహ్లా మీదుగా కొండలు దాటి, ఇబ్రిలో పెట్రోలు పోయించుకున్నారు. అక్కడే వరుస అనుకున్నారు, మేనేజరుది ఎప్పటిలాగే అత్తమ్మ ముందు చోటు. తర్వాత ఎడారి రోడ్డు. కొంత దూరం పోయాక రోడ్డు చీలుతుంది. ఎడమకు తిరిగితే చిన్న టీ దుకాణం, దాని వెనక ఇసుక దిబ్బలు. చీలిక దగ్గర చివరగా తిరిగినతను అద్దంలో అత్తమ్మ దీపం చూశాడు. ఆమె అక్కడ ఆగి ఉంది. దీపం కనిపించింది కాబట్టి తిరిగాడు. కట్టుబాటు ప్రకారం అతనిది తప్పు కాదు.

దుకాణం దగ్గర టీలు తాగారు. ఆమె రాలేదు. మళ్లీ టీలు చెప్పారు. ఆ చుట్టుపక్కల ఫోన్ అందదు. "అక్క ఎవురికో టైరు పంచరైంటే ఆగింటాదిలే," అన్నాడు లీడరు. అందరూ నవ్వారు. అందరూ అక్కడే ఉన్నారు. అందరి బండ్లూ అక్కడే ఉన్నాయి. మరి ఎవరి టైరు అని ఒక్కరూ అడగలేదు. ఇది నాకు చెప్పింది లీడరే. చెప్పి తల పట్టుకున్నాడు. "లెక్క పెట్టుకోలేదు పాపా. అక్క ఉందిలే, ఎనక ఆ యమ్మే సూసుకుంటాదిలే అనుకుంటిమి."

ఆమె ఎందుకు వెనకబడిందో ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. నిద్ర పట్టిందన్నారు. బండి ముసలిదన్నారు. వయసన్నారు.

బౌషర్‌లోనే ఒక హాలు తీసుకుని సంతాప సభ పెట్టారు. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. అందులో అత్తమ్మ అందరికంటే ముందు, ఎదురుగా కొండలు, వెనక బండ్ల వరుస. అలాంటి ఫొటో ఎవరూ ఎప్పుడూ తీయలేదు. ఆమె బొమ్మను తీసి అక్కడ అతికించారు. నన్ను మాట్లాడమన్నారు. లేచి దండం పెట్టి కూర్చున్నాను. మేనేజరు చాలాసేపు మాట్లాడాడు. ఆంటీ మాకు స్ఫూర్తి అన్నాడు. కొంచెం నెమ్మదిగా నడిపేవారు, అయినా వదిలేవారు కాదు, ఆ వయసులో అదే గొప్ప అన్నాడు. చప్పట్లు కొట్టారు.

తర్వాత టీ కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టర్, ఏ హెల్ప్ కావాలన్నా చెప్పండి. ఆంటీ నన్ను పిలగా అని పిలిచేది, తెల్సా?"

నాకు గొంతెత్తి మాట్లాడటం రాదు. అయినా అడిగాను.

"ఆ రోజు టీ దుకాణానికి అందరికంటే ముందు మీరే చేరారట."

"అవును. అందరూ వరసగా వస్తుంటే ఎదురుగా వీడియో తీద్దామని. పంపు నుంచి ముందే వచ్చేశా."

"ముందు పోతున్నట్టు అత్తమ్మకు చెప్పారా?"

"అందరికీ తెలుసు కదా, నేను వీడియో కోసం..."

"అత్తమ్మకు చెప్పారా?"

ఆయన కప్పులోకి చూశాడు. "ఆంటీ నీళ్లు నింపుకుంటుండె. నేను హెల్మెట్ పెట్టేసుకున్నా. చెయ్యి ఊపిన. ఊపినట్టే గుర్తు."

"ఆమె చూసిందా?"

"చూసే ఉంటది సిస్టర్."

ఎవరో ఫొటోకు పిలిస్తే ఆయన వెళ్లి ఫ్లెక్సీ ముందు నిలబడ్డాడు. గుంపు మళ్లీ బయలుదేరుతోందట, ఆమె జ్ఞాపకంగా. చివరి చోటు ఆమె గౌరవార్థం ఖాళీగా ఉంచుతారట. లీడరు మాత్రం పోనన్నాడు.

బండి ఇప్పుడు ఆయన గ్యారేజీలో ఉంది. ఒక అద్దం పగిలింది. రెండోది బాగానే ఉంది, అత్తమ్మ తుడిచిన తుడుపు మీద ఎడారి దుమ్ము పట్టి. నేను తుడవలేదు.

సభలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ రోజు ఇబ్రి ఆసుపత్రి వరండాలో ట్యాంకరు డ్రైవరు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతని సల్వారు మీద ఇసుక ఉంది. ఎడారిలో సైట్లకు నీళ్లు పోసి, ఖాళీ ట్యాంకరుతో ఇబ్రికి తిరిగి వస్తున్నానని చెప్పాడు. "వో మేరీ సైడ్ పే థీ, బేటీ," అన్నాడు. నేను వచ్చే వైపే పడి ఉందమ్మా అని.

అత్తమ్మ పడింది ఇబ్రికి తిరిగి పోయే వైపు. ఇసుక మీద ఆమె టైరు గీత ఇబ్రి వైపే ఉంది.