పొంగిన ద్రాక్షరసం

మొన్న మనవరాలి పుట్టినరోజుకు పిల్లలు ఏదో ద్రాక్షరసం సీసా తెచ్చి, మత్తు ఉండదులే నాయనమ్మా అని నాకు ముందే హామీ ఇచ్చి, మూత తీశారు. టప్పుమని మోగి, నురగ బల్ల మీది గుడ్డంతా తడిపేసరికి అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కుర్చీలోంచి సగం లేచి నిలబడిపోయాను. అరవై ఏళ్ల నాటి భయం ఇంకా ఒంట్లోనే ఉందంటే చూడండి!

నా అత్తవారిల్లు ఇందుకూరుపేట అవతల, సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో. నేను కాపరానికి వెళ్లిన ఆ అరవైల మొదట్లో, చుట్టుపక్కల క్రైస్తవుల గుళ్లలో నెలనెలా మొదటి ఆదివారం రొట్టె, రసం పంచే ప్రభువు బల్లకు కావలసిన ద్రాక్షరసమంతా మా అత్త వంటింట్లోంచే వెళ్లేది. కాలువలో పడవ నడిపే మా మామ సారాకు బలై చిన్నవయసులోనే పోయాడట. నిషేధం రోజులే అయినా దొంగసారాకు కొదవేముంది, మీకు తెలియనిదా! ఆ తర్వాత ఆమె మిషను దొరసాని వంటింట్లో పనికి చేరి, పులియని రసం కాచడం నేర్చుకుని, ఉన్న ఒక్క కొడుకునీ దాని మీదే చదివించి బడిపంతుల్ని చేసింది. తన చేతి సీసాలో మత్తు చుక్క ఉండకూడదన్నది ఆమె పంతం.

నల్ల ఎండుద్రాక్ష నెల్లూరు నుంచి బస్సు టాపు మీద వచ్చేది. రాత్రంతా నానబెట్టి, ఉడికించి, పలచటి గుడ్డలో పిండి, ఆ రసాన్ని పులవకుండా మళ్లీ తెర్లకాచి, పొగలు కక్కుతుండగానే సీసాల్లో పోసి, బిరడా బిగించి మైనం పూయాలి. ఆ తీపి వాసన, మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి, కిటికీలో వరసగా నిలబెట్టిన సీసాల్లోంచి గచ్చు మీద పడే ఎర్రటి వెలుగు, ఆ వెలుగులో కాళ్లు చాపుకుని కూర్చుని నేను కన్న పగటి కలలు... ఎంత చెప్పినా తనివి తీరదు. పని మానేసి పాదాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ ఉండేదాన్ని, పారాణి పెట్టినట్టే ఉండేవి.

ఒక ఎండాకాలం అత్త చుట్టాలింటికి వెళుతూ మొదటిసారిగా పొయ్యి నాకు అప్పగించింది. రెండో కాపు మరవబాక అని నాలుగుసార్లు చెప్పి మరీ వెళ్లింది. మా ఆయన వేరే ఊళ్లో పని చేస్తూ శనివారం శనివారం వచ్చేవారు. ఆ రోజు పిండిన రసం ఇంకా పొయ్యి ఎక్కనేలేదు, బస్సు హారను వినపడింది. ఒకసారి కాగిందిగా, ఏమవుతుందిలే అనుకుని, ఉన్నది ఉన్నట్టు సీసాల్లో పోసేసి, తల దువ్వుకుని వాకిట్లో నిలబడ్డాను. అత్త తిరిగి వచ్చాక చెబుదామనుకుంటూనే, సిగ్గు కొద్దీ చెప్పలేకపోయాను.

తర్వాతి నెల మొదటి ఆదివారం, గుడి నిండా జనం. వాళ్లలో సగం మంది కల్లు మానుతామని ఒట్టు పెట్టుకుని బాప్తిస్మం తీసుకున్నవాళ్లే. అయ్యగారు బల్ల దగ్గర ప్రార్థన చేస్తుండగా టప్పుమంది! బిరడా ఎగిరి దూలానికి తగిలింది, తెల్లటి గుడ్డ మీద నురగ పారింది, కల్లుకుండ దగ్గర వచ్చే వాసన గుడంతా నిండిపోయింది. అందరూ మా అత్త వైపే చూశారు. ఆమె ఇన్నేళ్లు కూడబెట్టుకున్న మంచిపేరు నా వల్ల మట్టిలో కలుస్తోందని తెలిసి కూడా నేను కదల్లేదు. ఆమె నన్ను ఒక్కసారి చూసింది, లేచి నిలబడింది.

“తప్పు నాది అయ్యగారూ. పొయ్యి కాడ నేనే ఏమరపాటుగా ఉండినాను.”

ఆ రోజు బల్ల జరగలేదు. ఇంటికి వచ్చి ఆమె కాళ్ల మీద పడి ఏడిస్తే, నన్ను లేపి, కొంగుతో ముఖం తుడిచింది.

“ఏడవబాకమ్మే. మీ మామ పడవ కోసరం నేనూ వాకిట్లో నిలబడినదాన్నే.”

మిగిలిన సీసాలన్నీ దొడ్డి వెనక ఇసకలో పారబోసింది. రెండు నెలలు ఏ గుడి నుంచీ కబురు రాలేదు. ఆమె ఒక్కొక్క ఊరికీ నడిచి వెళ్లి, తప్పు తనదేనని చెప్పి, క్షమాపణ అడిగి వచ్చింది. చివరికి అయ్యగారే మనిషిని పంపితే, రసం కుండ పొయ్యి మీదికి నా చేతే ఎక్కించి, తను అవతలికి వెళ్లిపోయింది. తను పోయేదాకా ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా గుడిలో బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులు, పైన రేకు అంటించి పెట్టెల్లో వస్తున్నాయి. పొంగే భయం లేదు, ఎవరు కాచారో తెలిసే పనీ లేదు. మొదటి ఆదివారం ఆ రేకు ఒలుస్తున్నప్పుడల్లా, లేచి నిలబడి, ఆ రోజు తప్పు మా అత్తది కాదు, నాది అని చెబుదామని నోటిదాకా వస్తుంది. తల తిప్పి చూస్తే, ఆ టప్పుమన్న చప్పుడు విన్నవాళ్లు ఆ గుడిలో ఒక్కరూ మిగల్లేదు.