ఖాతూన్‌బీ కుట్టిన నాలుగు రజాయిలు

జమ్మలమడుగులో ఖాతూన్‌బీ ఇంటికి ఎవరినీ దారి అడగక్కరలేదు. గాల్లో దూది ఎటునుంచి తేలి వస్తుంటే అటు నడిస్తే చాలు. మొగుడు లాల్ బాషా వింటినారి మీటుతూ దూది ఏకేవాడు, ఆమె రజాయిలు కుట్టేది. ముప్పై ఏళ్ళుగా ఆ నారి చప్పుడు వింటూనే నిద్రపోయింది, వింటూనే లేచింది. తల నెరిసిందో, దూది అంటుకుందో ఆమెకే తెలిసేది కాదు. సూది చేతిలో ఉంటే సగం కలలో ఉన్నట్టే, రెండో పిలుపుకు గానీ పలికేది కాదు.

ఆమె పనికో కట్టుబాటు ఉండేది. కొత్త రజాయిని మడిచి, ఎర్ర తాడుతో తనకొక్కదానికే చేతనైన ముడి వేసి ఇచ్చేది. ఆ ముడి శుక్రవారం నాడే విప్పాలి. అత్త చెప్పింది, అత్తకు వాళ్ళత్త చెప్పింది. ఎందుకని అడిగినవాళ్ళు లేరు. చలి శుక్రవారం దాకా ఆగుతుందా అని ఊళ్ళో వేళాకోళం చేసేవాళ్ళు, చేస్తూనే ఆగేవాళ్ళు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది, డిసెంబరు సెలవుల్లో, ప్రొద్దుటూరు నుంచి డ్రిల్లు మాస్టరు బాలకృష్ణయ్య వచ్చాడు. సెలవులొస్తే చాలు, ముగ్గురు తోటి అయ్యవార్లను వెంటేసుకుని కొండలెక్కడం ఆయనకు పిచ్చి. ఈసారి ఎర్రమల కొండమీద ఐదు రాత్రులుంటారట. అక్కడ ఏముందయ్యా అంటే "గాలి" అనేవాడు. మనవాళ్ళు కట్టెల కోసం కొండెక్కుతారు, దేవుడి కోసం ఎక్కుతారు. గాలి కోసం ఎక్కేవాణ్ణి జమ్మలమడుగు అంతకుముందు చూడలేదు.

"నాలుగు రజాయిలు గావాల పెద్దమ్మా. పల్చగా కుట్టు, మోసేది మేమే గదా."

"పల్చగా ఉంటే చలి ఆగదు నాయనా."

"మన చలికి ఎవురన్నా సచ్చినారా? పెదాలు పగుల్తాయి, అంతే."

అదీ నిజమే అనిపించి, ఒక్కో రజాయిలోంచి నాలుగు గుప్పెళ్ళు దూది తగ్గించింది. సోమవారం ముడులు వేసి చేతికిస్తూ, "సుక్కురారం దాకా విప్పాకండి" అంది.

"నీ మాట దాటితే ఒట్టు. అంతదాకా మంట ఏసుకుంటాంలే." నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్వుతూ వెళ్ళాడు.

గురువారం పొద్దున మేకలు తోలుకుపోయినవాళ్ళు వాళ్ళను చూశారు. నలుగురూ బండకు వీపులానించి, తూర్పుకేసి వరసగా కూర్చుని ఉన్నారట, ప్రాణాల్లేకుండా. చెప్పులు గుమ్మం ముందు విడిచినట్టు పక్కన పొందిగ్గా ఉన్నాయి. చొక్కా గుండీలు విప్పి ఉన్నాయి. కుండలో అన్నం ఎవరూ ముట్టలేదు, మంట ఎప్పుడో ఆరిపోయింది. ఒంటిమీద చిన్న గీత లేదు. ముఖాల్లో భయం లేదు సరికదా, దూరంగా ఎవరో పాడుతుంటే వింటున్నట్టు ఉందట. బుధవారం రాత్రి పోయారని మాత్రం డాక్టరు చెప్పగలిగాడు. విషం కాదు, పాము కాదు, ఇంకేమిటో ఆయనకూ అంతుపట్టలేదు.

డాక్టరుకు తెలియకపోతే ఊరు ఊరుకుంటుందా? రజాయిలు పల్చగా కుట్టించుకున్నారట అని ఒకరన్నారు. సాయంత్రానికి ఆ మాట పులివెందుల చేరింది. ఖాతూన్‌బీ చెవిన పడ్డాక ఆమె సూది ముట్టలేదు. కళ్ళు మూస్తే కొండమీద దూది రాలుతోంది, మెల్లగా, చప్పుడు లేకుండా. ఆమె గుప్పెళ్ళతో ఏరి నలుగురికీ కప్పబోతుంది. దూది వేళ్ళలోంచి జారిపోతుంది. ఇంకో గుప్పెడు వేసుంటే బతికేవాళ్ళా? అదొక్కటే ఆమెకు తెలియాలి.

శుక్రవారం స్టేషనుకు రమ్మన్నారు. బల్లమీద నాలుగు రజాయిలు. నాలుగింటికీ ఎర్ర తాళ్ళు, ఆమె వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి.

"విప్పనే లేదు. ఇంక రజాయిల తప్పేముంది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆమె అక్కడే కూలబడి సంతోషంతో ఏడ్చింది. నాలుగు ప్రాణాలు పోయినచోట సంతోషమేమిటని సిగ్గుపడుతూనే ఏడ్చింది. పాపం, ఆ మాత్రం ఊరట ఎవరికి అక్కరలేదు!

కానిస్టేబుల్ రహమతుల్లా ఆ ఊరివాడే. రజాయిలు ఆమె ముందుకు జరిపాడు. "లోపల ఏమన్నా పెట్టినారేమో సూడాల. నీ ముడి మేం విప్పేది బాగుండదు. నువ్వే విప్పు అక్కా, ఈపొద్దు సుక్కురారమే గదా."

తాడు మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి. నెత్తిన చెయ్యి పెట్టుకుని నవ్విన ముఖం కళ్ళముందు నిలిచింది.

చదువుకున్నోళ్ళు చలికి వణుకుతూ, ముడి విప్పకుండా శుక్రవారం కోసం కూర్చుంటారా, నీ పిచ్చి గానీ, అని లాల్ బాషా ఎన్నోసార్లు చెప్పాడు. కావచ్చు. ఎందుకు పోయారో ఈనాటికీ ఎవరికీ తెలియదు. రజాయిలది తప్పు లేదని ఊరు ఒప్పుకుంది, మరిచిపోయింది కూడా.

ఖాతూన్‌బీ మాత్రం మళ్ళీ ముడి వేయలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు, ఏ వారం ఎవరొచ్చినా, రజాయిని తనే విప్పి వాళ్ళ భుజాల చుట్టూ కప్పేది. రోహిణి ఎండల్లో పెళ్ళికని తీసుకోవడానికి వచ్చినవాళ్ళు చెమటలు కక్కుతూ నిలబడేవాళ్ళు. "ఉండండి నాయనా, కొంచేపు కప్పుకోండి" అని కొసలు పట్టుకుని వదిలేది కాదు.