మిరపాకు ముడత

హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఆకు పాఠమైతే పుస్తకం తెరవకుండానే చెప్పేస్తాను. మా అన్న తొర్రూరు దగ్గర మా ఊళ్లోనే వ్యవసాయం చేస్తాడు. నన్ను చదివించడానికే ఆయన పదో తరగతితో ఆపేశాడని అమ్మ అనేది. అన్న నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఆ యేడు రెండెకరాల్లో మిరప వేశాడు. చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున కాలేజీ గేటు దగ్గరికి వచ్చి ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే తడిగుడ్డలో చుట్టిన మూడు మిరప కొమ్మలతో నిలబడి ఉన్నాడు.

"చెల్లె, ఆకులన్ని పైకి ముడుసుకపోతాన్నయ్. నువ్వు ఆకు గురించే చదువుకున్నవు గద. జర చూసి చెప్పు."

మందుల దుకాణంవాళ్లు ఇచ్చినవన్నీ అప్పటికే కొట్టాడట. ల్యాబుకు తీసుకుపోయాను. ఆకు అడుగు పొర ఒలిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఏటా పిల్లలకు చూపించే పత్రరంధ్రాలే కనబడ్డాయి. రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టుండే కణాలు, వాటి నడుమ సన్నటి సందు. చుట్టుపక్కల మాత్రం చాలా కణాలు రసం లేక ఖాళీగా ఉన్నాయి. తెల్ల కాగితం మీద ఒక పువ్వును విదిలిస్తే నల్లటి తామర పురుగులు నాలుగు వైపులా పరుగెత్తాయి. కంటికి ఆనీ ఆననంత చిన్నవి.

అన్న కూడా ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"ఇవేంది?"

"ఆకు గాలి పీల్చుకునే రంధ్రాలన్నా."

"ఎంత మంచిగున్నయే," అన్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "నీళ్లు లేకపోతే వరి ఆకు సుట్టుకుంటది. తడి పెట్టంగనే మల్ల ఇచ్చుకుంటది. ఇది గూడ గట్లనే తనను తాను కాపాడుకుంటాందేమో?"

నా విద్యార్థులెవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. వరి ఆకు చుట్టుకునేది లోపలి నీరు ఆవిరైపోకుండా. అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ మిరపలో జరిగింది అది కాదు. లేత ఆకు విచ్చుకోకముందే పురుగు గీకేసింది. పాడైన చోట పెరుగుదల ఆగి, మిగతా చోట సాగి, ఆకు పడవలా వంగిపోయింది. అలా పెరిగిన ఆకు ఇక విచ్చుకోదు. ఇదంతా నాకు తెలుసు. ఆయన ముఖం చూశాక మాత్రం నోరు రాలేదు.

"కావచ్చన్నా. కొత్త ఇగురు వస్తదేమో చూద్దాం," అన్నాను.

వ్యవసాయ పరిశోధనలో ఉన్న పాత క్లాస్‌మేట్‌కు ఫోన్ చేస్తే, చేయిదాటిపోయిందేమోనన్నాడు. నీలం రంగు జిగురు అట్టలు కట్టమని, వేపనూనె కొట్టమని చెప్పాడు. అన్న ఆ రెండూ చేశాడు. అట్టలు రెండు రోజుల్లో నల్లబడ్డాయి. తోటలో పురుగు తగ్గలేదు.

వారం తర్వాత వదిన ఫోన్ చేసింది. "మీ అన్న తోటకు ఒకటే నీళ్లు పెడుతాండు. వద్దంటే ఇంటలేడు. ఆకు ఇచ్చుకుంటదని నువ్వు చెప్పినవట గద?"

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. పల్లపు వైపు మొక్కలు అప్పటికే వేరు కుళ్లి వాలిపోయాయి. అన్న చేతిలో పారతో కాలువ గట్టున ఉన్నాడు.

"అన్నా, నీళ్లు ఆపు. ఆ ఆకు ఇచ్చుకోదు. ఆ రోజే నాకు ఎరుకే. చెప్పలేకపోయిన."

ఆయన పార గట్టుకు ఆనించి, చేతులు కడుక్కున్నాడు. "నాకు గూడ ఎరుకే," అన్నాడు. "నువ్వైతే ఇంకోటి చెప్తవేమోనని వచ్చిన."

తర్వాతి వారం తోట పీకేశారు. నేనూ సెలవు పెట్టి వెళ్లాను. నేల మెత్తబడి ఉండడంతో చెయ్యి వేస్తే చాలు, మొక్కలు ఊడి వస్తున్నాయి. ఆ తేలికే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అన్న పక్క సాలులో వంగి పీకుతున్నాడు. ఒక్కసారి కోప్పడినా బాగుండేది. అన్న గానీ వదిన గానీ నన్ను ఒక్క మాట అనలేదు.

మధ్యాహ్నానికి గట్టు పొడుగునా మిరప కుప్పలు లేచాయి. అన్నం తిందామని పిలిస్తే అన్న రాలేదు. దూరంగా కూర్చుని, దున్నడానికి ట్రాక్టర్ ఎప్పుడొస్తుందో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆ చేనులో మక్కజొన్న వేస్తాడట.

వదిన ఆ కుప్పల్లో వెతికి, వంకర పోని కాయలు నాలుగు దోసిళ్లు ఏరింది. కడిగి, తన కొంగుతోనే తుడిచి, నా సంచిలో పోసింది.

"తొక్కు నూరుకోను పనికొస్తయ్, తీసుకపో," అన్నది.

వద్దనలేకపోయాను.