ఒక్క ఆదివారంలో ఆరు నెలలు

మా వీధి చివర ఫోటో స్టూడియో ఆయనకు ఒక సుగుణం ఉంది. ఎవరి మొహానికైనా నవ్వు తెప్పించగలడు, ఇంట్లోవాళ్ళకు తప్ప. భార్య కుట్టుపని చేస్తుంది. విడాకులయ్యాక ఎనిమిదేళ్ళ కూతురు ఆమె దగ్గరే ఉండిపోయింది. తండ్రి ఆదివారం పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి దింపాలని కోర్టు చెప్పింది. ఆయన వచ్చిన ఆదివారాలు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టి, ఇంకా ఒక వేలు మిగుల్చుకోవచ్చు. ఆమె గుమ్మం మా వరండాకు ఎదురే, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అటువంటివాడు ఉన్నట్టుండి పిల్లను పూర్తిగా తనకే ఇప్పించమని మళ్ళీ కోర్టుకెక్కాడు. ఎందుకో కనుక్కోకుండా నేనుంటానా? మందుల షాపు నడిపే ఆయన తమ్ముడు నలుగురిలో “కన్నపిల్లను కూడా నిలబెట్టుకోలేకపోయావు” అన్నాడట. అదీ ఆయనకు పుట్టుకొచ్చిన ప్రేమ.

తల్లికి చేతులాడలేదు. ఒక గుడ్డను రెండుసార్లు తప్పు కత్తిరించింది.

“పిన్నీ, ఆయనకు మాటలొచ్చు, నాకు రావు. పిల్లను తీసుకుపోతే నేనేం కావాలి?” అంది.

“నోటికి నేను లేనా” అని తోడు వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

ఆయన ఇస్త్రీ చొక్కాలో వచ్చి, అట్టపెట్టెలోంచి పాతిక ఫోటోలు తీసి జడ్జీగారి ముందు పేర్చాడు. ఆరు నెలలుగా ప్రతి ఆదివారం కూతురితో గడిపినందుకు సాక్ష్యమట. సముద్రం ముందు పిల్ల, మంచుకొండ ముందు పిల్ల, పూలతోటలో పిల్ల. గౌను మారింది, జడ మారింది. ఆ సముద్రం ముందు మా ఇంటిల్లిపాదీ ఫోటో దిగాం. ఆ స్టూడియో తెర అంచున బొద్దింకలు కొరికిన చిల్లు ఎక్కడుందో కూడా చెప్పగలను.

జడ్జీగారు ఆడమనిషి. కళ్ళద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చూశారు.

“అన్నిట్లోనూ గడ్డం మీద ఈ ప్లాస్టర్ ఏమిటి?”

ఇంకొకడైతే గుటకలు మింగేవాడు. ఈయన ఛాతీ విరుచుకున్నాడు.

“అదేనండి నేను మొత్తుకునేది. ఆరు నెలలుగా దెబ్బ మానలేదు. తల్లి పట్టించుకోదు.”

నేను లేచాను. గుమాస్తా కూర్చోమన్నాడు. ఈలోపు తల్లి పక్కనున్న పిల్లే చెప్పింది.

“అన్నీ ఒక్క రోజే తీశాడండి. బొమ్మ కొండ ముందు పొట్టిగా ఉన్నానని స్టూలు ఎక్కించాడు. మొదటి ఫోటోకే పడ్డాను. ప్లాస్టర్ వేసి ఇంకో గౌను తొడుక్కోమన్నాడు.”

“ఏడ్చావా?”

“ఏడిస్తే ఫోటో పాడవుతుందన్నాడు.”

జడ్జీగారు ఫోటోలు బోర్లించేశారు. పిల్ల తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రి ఇకమీదట ఆదివారం రెండు గంటలు, తల్లి ఇంట్లోనే కూర్చుని చూడాలి. కెమెరా తేకూడదు.

ఆ ఆదివారం మనవరాలి గౌను వదులు చేయించే మిషతో వెళ్ళాను. గౌను వదులుగానే ఉంది, అది వేరే సంగతి. ఆయన కుట్టుమిషను పక్కన చాప మీద, కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాడు. పిల్ల డబ్బాడు గుండీలు ముందు కుమ్మరించి రంగులవారీగా ఏరమంది. పావుగంటకే ఆయన గడియారం చూశాడు.

“ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?”

“తొందరేముంది నాన్నా,” అంది పిల్ల తలెత్తకుండా. “రెండు గంటలు నువ్వెటూ పోకూడదుగా.”