రెండు కాలేజీలు, ఒక బొంత

ఏప్రిల్‌లో ఒక గురువారం ఉదయం ఆరూ నలభైకి నా భార్య హాలులో కార్పెట్ మీద కూర్చుని బొంత మడత పెట్టింది. ముందు నిలువుగా మడిచి, తర్వాత చాపలా చుట్టి, చివర పాత చీర అంచుతో కట్టి ముడి వేసింది. ఆ ముడి ఆమెకు వాళ్ళమ్మ నేర్పింది. ఒక కొస లాగితే ఊడొస్తుంది, రెండో కొస లాగితే బిగుస్తుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఏ కొస ఏదో నాకు గుర్తుండేది కాదు.

ఆ బొంతను మా అమ్మాయి ఆ రోజు ఒక కాలేజీకి తీసుకెళ్ళాలి. అరోరాలో మా ఇంటి నుంచి రెండున్నర గంటల దూరంలో ఉన్న పెద్ద స్టేట్ యూనివర్సిటీ అది. ఇక్కడ హైస్కూల్ చివరి ఏడాదిలో సీటు వచ్చిన పిల్లల్ని కొన్ని కాలేజీలు ఒక రాత్రి ఉండి వెళ్ళమని పిలుస్తాయి. అక్కడ చదువుతున్నవాళ్ళు ఎవరో ఒకరు తమ గదిలో నేల మీద చోటిస్తారు. వెళ్ళినవాళ్ళు వాళ్ళతో క్లాసులో కూర్చుని, వాళ్ళు తినేదే తిని, వాళ్ళ గదిలో పడుకుని మర్నాడు వచ్చేస్తారు. అందులో తల్లిదండ్రులకు చోటు లేదు. నేను వరంగల్‌లో ఇంటి నుంచి కాలేజీకి నడిచి వెళ్ళి చదువుకున్నవాణ్ణి. ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవడానికి అక్కడ పడుకుని చూడటం అనే పద్ధతి ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు. అదెలా ఉంటుందో చూడాలని మా అమ్మాయికంటే నాకే ఎక్కువగా ఉండేది.

స్లీపింగ్ బ్యాగ్ తెచ్చుకోమని ఈమెయిల్‌లో రాశారు. మా ఇంట్లో అది లేదు.

"ఇప్పుడు పోయి ఒకటి కొనుక్కొస్త," అన్నాను.

"ఎందుకండీ? బొంత ఉందిగా."

"బొంత తీస్కపోతే అక్కడ పిల్లలు నవ్వుతరు."

"నవ్వనీండి. ఎలాంటి పిల్లలో కూడా తెలుస్తుంది."

మా అమ్మాయి మెట్లు దిగుతూ చూసింది. "అమ్మా, నో. అది టేబుల్ క్లాత్‌లా ఉంది."

"మీ అమ్మమ్మ చీరలు తల్లీ. కరవవులే, తీసుకెళ్ళు."

"ఈ డబ్బా ఏంటి? పులిహోరా? సీరియస్‌గా?"

"ఒకరింట్లో పడుకోబోతూ ఒట్టి చేతులతో వెళ్తారా?"

"అది ఇల్లు కాదమ్మా. డార్మ్."

"పడుకుంటున్నావుగా. ఇల్లే."

ఆ వసంతానికి నా భార్యకు రెండో విడత చికిత్స నడుస్తోంది. తలకు నూలు టోపీ పెట్టుకునేది. పొద్దున పూట ఓపిక ఉండేది, మధ్యాహ్నానికి తగ్గిపోయేది. మా అమ్మాయికి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఈ యూనివర్సిటీ. శుక్రవారం సాయంత్రం బయల్దేరితే భోజనాల వేళకు ఇంట్లో ఉండొచ్చు. రెండోది ఒహాయోలో, మొక్కజొన్న పొలాల మధ్య ఉన్న చిన్న కాలేజీ. కారులో దాదాపు రోజంతా పడుతుంది. అక్కడ ఆమె రాళ్ళ గురించి, నేల పొరల గురించి చదవాలనుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమె కోటు జేబుల్లో రాళ్ళుండేవి. వాటివల్ల మా వాషింగ్ మెషీన్ ఒకటి పాడైంది కూడా. ఒహాయోలో సీటు వచ్చిందని తెలిసిన రోజు ఆమె ఇల్లంతా తిరిగింది. ఆ తర్వాతి వారం వాళ్ళమ్మ స్కాన్ ఫలితం వచ్చింది. ఆ రోజు అన్నం తింటూ, "దగ్గర్లోదే బెటర్. అక్కడే జాయిన్ అవుతాను," అని తేల్చేసింది.

నాకది న్యాయంగానే తోచింది. మాకు తెలిసినవాళ్ళు కూడా అదే మంచిదన్నారు. నా భార్య కాదని వాదించలేదు, ఒక షరతు మాత్రం పెట్టింది. రెండు చోట్లా ఒక్కో రాత్రి పడుకుని రావాలి. ఆ తర్వాత అమ్మాయి ఏది చెప్తే అది.

తెనాలి దగ్గర వాళ్ళ పుట్టింట్లో, చుట్టాలెవరైనా వచ్చి పడుకుంటే పొద్దున కాఫీకంటే ముందు "కొత్త చోటు కదా, నిద్ర పట్టిందా?" అని అడిగేవారు. మా వైపూ అడుగుతారు, కానీ మర్యాదకు. నా భార్య జవాబు కోసం అడిగేది. మేము అద్దెకున్న అపార్ట్‌మెంట్లను, ఈ ఇంటిని, మా ఇంటికి వచ్చిపోయిన మనుషులను ఆ ప్రశ్నతోనే అంచనా వేసింది. "పగలు చూస్తే ఏం తెలుస్తుందండీ? వాళ్ళు చూపించిందే చూస్తాం. పడుకుంటే కదా తెలిసేది," అనేది. నాకు పుస్తకాలు చదివే అలవాటు. ఒక చోటు మనిషికి సరిపడుతుందా లేదా అనేది నిద్రతో తెలుసుకోవచ్చని ఏ పుస్తకంలోనూ చదవలేదు. తెలుసుకోలేమని కూడా చదవలేదు.

యూనివర్సిటీలో మా అమ్మాయికి గదిలో చోటిచ్చింది నేపర్‌విల్ నుంచి వెళ్ళిన తెలుగమ్మాయి. మా పక్క ఊరే. లాబీలోకి వచ్చి "హాయ్ ఆంటీ, హాయ్ అంకుల్," అంది. డబ్బా అందుకుని మూత దగ్గర వాసన చూసింది.

"పులిహోర కదా ఆంటీ? మా మామ్ కూడా పంపిస్తుంది, బట్ తను ఇంగువ టూ మచ్ వేస్తుంది. మీరు తనకి చెప్పకండి."

"మీ అమ్మ నాకు తెలిస్తే కదా చెప్పడానికి," అంది నా భార్య.

"తెలుస్తుంది ఆంటీ. టెంపుల్‌లో కలుస్తారు. ఎవ్రీబడీ కలుస్తారు."

నాకు నిశ్చింతగా అనిపించింది. మా అమ్మాయి బొంత చంకలో పెట్టుకుని, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ వెళ్ళింది. మేము ఊరి చివర మోటెల్లో ఉన్నాం. మర్నాడు పదింటికి లాబీ ముందు కారు ఆపితే అప్పటికే బయట నిలబడి ఉంది.

"నిద్ర పట్టిందా?" అని అడిగింది వాళ్ళమ్మ.

"పట్టింది అమ్మా. బాగా స్లీప్ చేశాను. నైస్ ప్లేస్. డైనింగ్ హాల్‌లో సాంబార్ కూడా ఉంది. వాటరీ, బట్ సాంబార్."

"సరే."

నా భార్య బొంతను తీసుకుని ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను దారంతా ప్రశ్నలు వేశాను. ఎంతమంది ఉంటారు, స్నానాల గదులు ఎక్కడ, క్లాసులో నిద్రపోతే ఏమంటారు. మా అమ్మాయి అన్నిటికీ ఓపికగా జవాబు చెప్పింది. ఇంటికి వచ్చి ఆమె పైకి వెళ్ళాక, నా భార్య బొంతను డైనింగ్ టేబుల్ మీద పెట్టి నన్ను పిలిచింది.

"ముడి చూడండి."

"ఏమైంది?"

"నేను వేసిందే. విప్పలేదు."

"ఆ పిల్ల వేరే దుప్పటి ఇచ్చిందేమో."

"ఇచ్చుండొచ్చు."

"లేకుంటే నలుగురిలో విప్పనీకి సిగ్గుపడ్డదేమో."

"అదీ అయ్యుండొచ్చు. నేనేం అనలేదుగా. చూడమన్నానంతే."

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. ఒక్క ఫలితం పట్టుకుని ఏదీ తేల్చకూడదని రోజూ ఎవరో ఒకరికి చెప్పే ఉద్యోగం. రెండో చోటు కూడా చూద్దామన్నాను. కానీ ఆ వారం ఆఫీసు మీటింగుల మధ్య ఆ ముడే గుర్తొచ్చేది.

ఒహాయో ప్రయాణానికి డాక్టరు వద్దనలేదు, సంతోషంగా ఒప్పుకోనూ లేదు. ఒకరోజు ముందే బయల్దేరాం. చుట్టిన బొంత మీద తలపెట్టి నా భార్య వెనక సీట్లో పడుకుంది. అమ్మాయి నా పక్కన కూర్చుంది. ఇండియానా దాటుతుండగా గొంతు తగ్గించి, "నాన్నా, ఇంత దూరం డ్రైవ్ చేయడం వేస్ట్. నేను ఆల్రెడీ డిసైడ్ చేశాను కదా," అంది.

"చూడకుండా చేసింది లెక్కలోకి రాదు," అని వెనక నుంచి వినబడింది. ఆమె నిద్రపోతోందనుకున్నాం.

అక్కడ గదిలో చోటిచ్చింది నెబ్రాస్కా నుంచి వచ్చిన ఒక పొడుగుపాటి అమ్మాయి. బూట్లకు ఎండిన బురద ఉంది. డబ్బా అందుకుని దీన్ని వేడి చేయాలా అని అడిగింది. అక్కర్లేదంటే అక్కడే మూత తీసి ఒక వేరుశనగ పలుకు నోట్లో వేసుకుంది. బొంత గురించి ఏమీ అడగలేదు. దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కింది. మా అమ్మాయి ఒక్కసారి చేయి ఊపి ఆమె వెనకాలే వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం రాళ్ళ చదువు చెప్పే భవనంలోకి వెళ్ళాం. పొడుగాటి నడవా, గోడల వెంట చెక్క సొరుగులు. ప్రతి సొరుగులో రాళ్ళు, పక్కన అవి ఎక్కడ దొరికాయో చెప్పే చిన్న చీటీలు. తాళాలు లేవు. ఎవరూ మమ్మల్ని ఎవరని అడగలేదు.

"ఇలా వదిలేస్తే ఎవరైనా పట్టుకుపోరూ?" అంది నా భార్య.

"రాళ్ళెవరు తీస్కపోతరు?"

"మన పిల్ల పట్టుకుపోతుంది."

ఆమె ఒక్కో సొరుగూ లాగి చూసింది. ఒక దాంట్లో నల్లటి రాయి చేతిలోకి తీసుకుని, మా రోలు ఇలాంటి రాయేనంది. చీటీ చదివితే కెనడా అని ఉంది. కెనడాలో రోళ్ళుంటాయా అని అడిగింది. నాకు తెలియదన్నాను. కాళ్ళు నొప్పి పుట్టి బెంచీ మీద కూర్చునేదాకా చూస్తూనే ఉంది.

మర్నాడు పదింటికి మా అమ్మాయి రాలేదు. పదకొండుకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బొంతను మూటలా రెండు చేతులతో పట్టుకుంది. కట్టిన చీర అంచు ఆమె మెడలో ఉంది, స్కార్ఫ్‌లాగా.

"నిద్ర పట్టిందా?"

"లేదమ్మా. అస్సలు పడుకోలేదు." మాటలు తొందరగా వచ్చేశాయి. "ఫ్లోర్‌లో వాళ్ళందరూ వచ్చారు, మాట్లాడుతూనే ఉన్నాం. ఒకమ్మాయి ఐస్‌లాండ్ నుంచి లావా తెచ్చింది, అంటే రాక్. నన్ను పట్టుకోనిచ్చింది. సన్‌రైజ్ చూద్దామని బయట గడ్డిలో కూర్చున్నాం, చాలా చలి, సో బొంత అందరం కప్పుకున్నాం. డర్టీ అయింది, సారీ." అక్కడ ఆగింది. ముఖం మారింది. "సో, ఓకే. అక్కడ నిద్ర పట్టింది, ఇక్కడ పట్టలేదు. నీ రూల్ కదా. దగ్గర్లోదే."

ఆ తర్కంలో నాకు తప్పు కనబడలేదు. నా భార్య కారు డిక్కీ తెరిచి, అందులో బొంత పరిచి, దానికి అంటుకున్న గడ్డి గింజలను, పాప్‌కార్న్ ముక్కలను ఏరడం మొదలుపెట్టింది. తలెత్తకుండానే అడిగింది.

"అక్కడ ముడి ఎందుకు విప్పలేదు?"

మా అమ్మాయి మెడలోని చీర అంచు తీసి చేతికి చుట్టుకుంది.

"కోట్ వేసుకునే పడుకున్నాను. షూస్ కూడా తీయలేదు. ఫోన్ చేతిలో పెట్టుకుని. నాన్న కాల్ చేస్తాడేమోనని. నీకు ఏమైనా అయితే."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ..." ఆమెకు ఏడుపొచ్చింది. "ఫోన్ ఎక్కడుందో కూడా చూసుకోలేదు. మర్చిపోయాను అమ్మా. నిన్ను మర్చిపోయాను."

"ఎంతసేపు?"

"నైట్ అంతా."

"అదే కావాలి నాకు," అంది నా భార్య. ఇంకో పాప్‌కార్న్ ముక్క తీసి పారేసింది. "పులిహోర తిన్నారా?"

"అయిపోయింది."

"డబ్బా ఏదీ?"

"రూమ్‌లో ఉంది. మర్చిపోయాను."

"సరే. ఆగస్టులో వచ్చినప్పుడు తీసుకుందువుగాని."

ఆగస్టులో బొంత మళ్ళీ ఒహాయో వెళ్ళింది. ఈసారి అక్కడే ఉండిపోయింది. రోజూ పొద్దున మా వంటింట్లో ఫోన్ మోగేది, నా భార్య అదే ప్రశ్న అడిగేది. మా అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెప్పేది. అబద్ధం నిలవదని ఆ రోజు కారు దగ్గరే తెలిసిపోయింది. రెండో ఏడాది చలికాలంలో, ముందుగా సీటు వచ్చిన పిల్లలకు ఆమె కూడా తన గదిలో చోటివ్వడం మొదలుపెట్టింది. వాళ్ళకు నేల మీద బొంత పరిచేది. అప్పుడు వాళ్ళమ్మ ప్రశ్న, "ఆ పిల్లకి నిద్ర పట్టిందా?" అని మారేది. ఫ్లోరిడా పిల్లకు పట్టింది. బోస్టన్ పిల్ల గురక పెట్టింది, మా అమ్మాయికే పట్టలేదు. ఫోన్ పెట్టేశాక నా భార్య ఈ వార్తలన్నీ నాకు చెప్పేది.

"ఆ గురక పిల్ల చేరుతుంది చూడండి," అంది ఒకరోజు.

ఆ పిల్ల తర్వాతి ఆగస్టులో చేరింది. ఆ సంగతి నా భార్యకు తెలియలేదు. ఆ చలికాలంలోనే ఆమె చనిపోయింది. చివరి పది రోజులు మా అమ్మాయి ఇంట్లోనే ఉంది.

దుఃఖం గురించి ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివాను. వాటిలో మంచివి కొన్ని ఉన్నాయి. నేను తెలుసుకోవాలనుకున్నది వాటిలో దొరకలేదు. అందుకని ఒకసారి మా అమ్మాయినే అడిగాను, దగ్గర్లో చదివి ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపిస్తుందా అని.

"అనిపిస్తుంది," అంది. "కొన్ని డేస్ చాలా అనిపిస్తుంది. కానీ నాన్నా, అక్కడ ఉంటే నేను ఎవ్రీ నైట్ కోట్ వేసుకునే పడుకునేదాన్ని. అమ్మకి తెలిసిపోయేది."

ఆమె ఇప్పుడు డెన్వర్‌లో నేల పరీక్షలు చేసే ఉద్యోగంలో ఉంది. బొంత ఆమె దగ్గరే ఉంది. ఆ కాలేజీ రాత్రి బసలు ఆపేసిందని ఈ మధ్య చెప్పింది. పిల్లలు పొద్దున వచ్చి, చూసి, సాయంత్రానికి వెళ్ళిపోతున్నారట. ఎందుకు ఆపారో ఆమెకూ తెలియదు. కనుక్కోమన్నాను. పగటిపూట చూసి వాళ్ళెలా తేల్చుకుంటున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది.

మేమిద్దరం రోజూ పొద్దున ఫోన్‌లో మాట్లాడుకుంటాం. తిన్నావా, మంచు పడిందా, బీపీ మాత్ర వేసుకున్నావా అని అడుగుతాం. నిద్ర పట్టిందా అని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అడగం.