తాళి పడగానే శుభం

ఆ రోజుల్లో మా భోగాపురం తీరంలో సినిమా అంటే తాళి కట్టడంతో అయిపోవాలి. అయిపోయేదంతే. వేసవిలో చేపల వేట నిషేధం ముగిసి, మర్నాడు పడవలు సముద్రంలో దిగుతాయనగా, సాయంత్రం వాడంతా ఇసుకలో చేరేది. తెర మీద ఏటా ఆ పాత ప్రేమకథే (మా అమ్మకి అందులో ప్రతి మాటా నోటికొచ్చు). జమీందారు కూతురు, పడవ నడిపే కుర్రాడు, బోలెడు ఏడుపు, చివరికి ఏటి ఒడ్డు గుడిలో పెళ్లి. తాళి పడగానే మా పెద్దనాన్న రిమోట్ నొక్కి ఆపేసేవాడు. మేం ఈలలు వేసి, ఇసుక దులుపుకుని ఇళ్లకు పోయేవాళ్లం. ఆ తర్వాత కూడా సినిమా ఉందని నాకు కలలోనైనా అనుమానం రాలేదు.

నాకు పెళ్లి వయసొచ్చింది. విజయనగరం మార్కెట్లో చేపల కొట్టు నడిపే మావాళ్ల అమ్మాయిని చూడ్డానికి పెద్దనాన్నా నేనూ వెళ్లాం. డిగ్రీ చదివిన పిల్ల. చూడగానే మనసు పారేసుకున్నాను, ఈ పిల్ల కాదంటే ఎలాగని అక్కడే కంగారు పుట్టింది. "మీకే సినిమా ఇష్టం?" అని అడిగింది. మా సినిమా పేరు చెప్పాను, అక్కడితో ఊరుకోవచ్చు కదా. లేదు. "పెళ్లయ్యాక మనం కూడా అచ్చం ఆళ్లిద్దరిలాగే ఉండాలండి" అన్నాను.

వాళ్ల నాన్నకు టీ పొలమారింది. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. "పెళ్లయిన సాయంత్రమే పడవ మునిగి ఆ కుర్రోడు సచ్చిపోతాడు కదండి! అలాగేటి?"

"అందులో ఎవులూ సావరండి. సిన్నప్పట్నుంచి సూస్తన్నాను" అని నేను వాదన పెట్టుకున్నాను (పెళ్లిచూపుల్లో, పీకలదాకా ప్రేమలో ఉండి!). పెళ్లికొడుక్కి మతి సరిగ్గా లేదని ఇంటిల్లిపాదీ ముఖాలు చూసుకున్నారు. ఆ పిల్ల లోపలికి వెళ్లిపోబోయింది.

పెద్దనాన్న గొంతు సవరించుకున్నాడు. "ఉండమ్మీ. ఆడి తప్పు కాదు. ఆ కుర్రోడు సచ్చిపోతాడని నాకు తెలుసు. తెల్లారితే మా పిల్లలు సముద్రం మీదకి ఎల్తారు. ఆళ్లకీ, ఆళ్ల పెళ్లాలకీ అది సూపించి పంపమంతావేటి?"

ఆ పిల్ల గుమ్మంలో ఆగిపోయింది. నా వంక చూసింది, ఈసారి వేరేగా. నేనేమో నోరు తెరుచుకుని పెద్దనాన్ననే చూస్తున్నాను (నా హీరో అప్పుడే పోయాడు మరి). "పాపం!" అని ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతోనే సంబంధం ఖాయమైంది. ఇంటికొచ్చేదాకా నా కాళ్లు నేల మీద లేవు.

మరుసటి ఏడు, తనకు చూపు ఆనడం లేదని పెద్దనాన్న రిమోట్ మా ఆవిడ చేతిలో పెట్టాడు. తాళి పడగానే నొక్కేసింది. పక్కనే కూర్చున్న మా అమ్మ ఆశగా అడిగింది, "తరవాతేటవుద్దే?"

"ఏటవుద్దత్తా, సుబ్బరంగా కాపురం సేసుకుంటారు."

నేనింకా వేటకు వెళ్తూనే ఉన్నాను. ఆ చివరి భాగం ఇప్పుడు ఫోన్‌లోనూ దొరుకుతుందట, నేను చూడలేదు. చూడమని ఆవిడ ఎన్నడూ అనలేదు. వాళ్లిద్దరిలాగే ఉండాలన్న ఆ వెర్రి పెళ్లికొడుకుని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. మా వాడలో ఆ ఇద్దరూ ఇప్పటికీ హాయిగా ఉన్నారు. మేమూ అలాగే ఉన్నాం.