నేను చప్పట్లు కొట్టిన సాయంత్రం

మా ఊరి తుఫాను షెల్టర్ పైఅంతస్తులో ఆదివారాలు పిల్లలకు బ్యాలే నేర్పుతారని తెలిసినప్పుడు నాకు మొదట తోచిన ప్రశ్న ఒకటే: డబ్బులు తీసుకోకుండా ఊరికే ఎందుకు నేర్పుతున్నారు? టీచర్ చెన్నై నుంచి వచ్చిన అమ్మాయి. పాత మూకీ సినిమాలు ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది. వాటిలో మాట ఉండదు కాబట్టి భయమైనా ఆశైనా కళ్లలో, భుజాల్లో, వేళ్ల చివర కనపడాలి. తన నాట్యాన్నీ ఆ పద్ధతిలోనే కూర్చింది. మా ఏడేళ్ల పాపకు అది పిచ్చిగా నచ్చింది. నేను రెండు వారాలు కిటికీ దగ్గర కాపలా కాశాను. తప్పేమీ కనపడలేదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

తర్వాత ఇంట్లో మొదలైంది. ఒకరోజు పాప కడుపు పట్టుకుని గోడవారగా జారిపోయింది. పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. లేచి నవ్వింది. "హోంవర్కు అమ్మా!" ఇంకోరోజు కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. అదీ హోంవర్కే. ముఖం చూసి బిడ్డకు బాగుందో లేదో చెప్పగలిగేదాన్ని. ఆ టీచర్ నా దగ్గర నుంచి అది లాక్కుందనిపించింది.

ఒక శనివారం సాయంత్రం, వలలు దులిపే చోట ఆడుకుని వచ్చి పాప వాకిట్లో ఒంటికాలి మీద నిలబడింది. నోరు తెరిచింది, శబ్దం లేదు. ఒక చెయ్యి నా వైపు చాపింది. నేను బట్టలు మడతపెడుతున్నాను. ఈసారి మోసపోదలచుకోలేదు. చప్పట్లు కొట్టాను.

"బాగా చేసినావులే. పో, కాళ్లు కడుక్కో."

వెళ్లి మెట్టు మీద కూర్చుంది. కాసేపటికి, చేపలమ్మి వచ్చి గంప దించుతున్న మా అత్త కేక వేసింది.

"ఏందిమే, చదువుకున్నదానివి, బిడ్డ కాలు చూడలా? జెల్ల ముల్లు దిగుండాది!"

జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే సముద్రంలో వేటకెళ్లే మగవాళ్లు కూడా ఏడుస్తారు. పాప పాదం అప్పటికే ఉబ్బింది.

"ఆటాడతా ఉందనుకున్నా అత్తా."

"ఆటంట ఆట! వేన్నీళ్లు పెట్టు ముందు."

ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం పెట్టించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. లోపల విరిగిన ముక్క తీశారు. తిరిగి వస్తూ అడిగాను, "నోటితో చెప్పొచ్చు గదా?"

"నొప్పికి మాట రాలా. అయినా చెప్పినా గదమ్మా. నువ్వు చప్పట్లు కొట్టినావు."

అత్త క్లాసు మానిపించమంది. నేను మానిపించలేదు. ఇంట్లో చేసే హోంవర్కు మాత్రం వద్దని టీచర్‌ని అడిగాను. సరేనంది. అయినా పాప ఊరికే అలిసి కూర్చున్నా నేను లేచి వెళ్లి నుదురు, కడుపు, అరికాళ్లు తడిమి చూస్తున్నాను.

"ఏం లేదమ్మా" అంటుంది.

ఇంకోసారి చూస్తాను.